ఏజెంటుగా కూర్చోమంటున్నారు. ఈవీఎంని ఏం చూసి నమ్మాలి?

ఒంగోలు సుధ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు పక్కన పల్లె. ఇంట్లో రెండు పార్టీలు. నాన్నది సైకిలు, మేనమామది ఫ్యాను.

2019లో ఫ్యానుకు 151, సైకిలుకు 23 వచ్చినప్పుడు నాన్న "మెషిన్లు తిప్పేశారు, జనం ఇట్లా వెయ్యరు" అన్నాడు. మామయ్యేమో "ఓడిపోయి మెషిన్ల మీద పడతావేంది బావా" అన్నాడు. 2024లో కూటమికి 164, ఫ్యానుకు 11. ఈసారి మెషిన్లు తిప్పేశారన్నది మామయ్య. మెషిన్ల మీద పడొద్దన్నది నాన్న. పండక్కి వచ్చినా ఇదే గొడవ. అమ్మ మధ్యలో కూర్చుని ఏడ్చింది కూడా. నాకు మాత్రం ఇద్దరూ అబద్ధం ఆడుతున్నారని అనిపించదు. ఇద్దరూ నిజంగానే నమ్మి మాట్లాడుతున్నారు.

నేను ఓటేసినప్పుడు పక్కనున్న స్లిప్పులు అచ్చేసే డబ్బా, అదే వీవీప్యాట్, దాని అద్దంలో స్లిప్పు కనపడింది. నేను నొక్కిన గుర్తే. ఏడు సెకన్లు ఉండి డబ్బాలో పడిపోయింది. బాగానే ఉందనుకున్నాను. తర్వాత తెలిసిందేంటంటే, అసెంబ్లీ మొత్తం మీద చీటీ తీసి ఐదు బూత్‌ల స్లిప్పులే లెక్కపెడతారట. అంటే నేను చూసిన స్లిప్పును బహుశా ఇంకెవరూ చూడలేదు.

ఇంకో సంగతి మా ఒంగోలులోనే జరిగింది. ఓడిపోయిన అభ్యర్థి 12 బూత్‌ల యంత్రాలు పరిశీలించమని ఒక్కోదానికి 47,200 రూపాయలు కట్టారు. తీరా చూస్తే, యంత్రం మీద కొత్తగా మాక్ పోల్, అంటే ఉత్తుత్తి ఓటింగ్, చేసి చూపిస్తామన్నారు. పోలింగ్ రోజు పడిన స్లిప్పులు లెక్కపెట్టమంటే కుదరదన్నారు. ఆయన హైకోర్టుకు వెళ్ళారు. అది చదివాక నాకు కూడా మనసులో ముల్లు గుచ్చుకుంది.

ఇప్పుడు మా ఊళ్ళో ఒకాయన "చదువుకున్న పిల్లవి, వచ్చే ఎలక్షన్‌కి బూత్‌లో అభ్యర్థి తరఫున ఏజెంటుగా కూర్చో" అంటున్నాడు. బొమ్మలా కూర్చుని, టిఫిన్ తిని, సంతకం పెట్టి రావడానికైతే నాకు ఇష్టం లేదు. అక్కడ ఏజెంటు నిజంగా ఏం చూడగలదు? దేన్ని చూసి నమ్మొచ్చు, దేన్ని నమ్మకూడదు? డ్యూటీ చేసినవాళ్ళు ఉంటే చెప్పండి.

బాలానగర్ రమణ

అమ్మా, సూటిగా చెప్తాను. కాగితం బ్యాలెట్ రావాలి. అంతే.

ఇది ఓడిపోయినవాళ్ళ ఏడుపు కాదు. 2010లో మన హైదరాబాద్ ఇంజనీరు వేమూరి హరిప్రసాద్, అమెరికా ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్ నుంచి రాప్ గాంగ్రైప్ కలిసి అసలైన ఈవీఎం ముందు పెట్టుకుని ఎట్లా మోసం చెయ్యొచ్చో చూపించారు. డిస్‌ప్లే బోర్డు మార్చి ఒకటి, మెమరీకి చిన్న పరికరం తగిలించి ఇంకొకటి. దానికి జవాబుగా ఆ ఆగస్టులో హరిప్రసాద్‌ని అరెస్టు చేశారు, యంత్రం ఎక్కడిదో చెప్పమని. లోపం చూపించినవాడిని పట్టుకుపోతే జనం ఏమనుకోవాలి?

మా చిన్నోడు స్టుట్‌గార్ట్‌లో ఉంటాడు. అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చిలోనే తేల్చేసింది. ప్రత్యేకమైన సాంకేతిక చదువు లేని మామూలు మనిషి కూడా ఎన్నికలో ముఖ్యమైన అంగాలన్నీ తన కళ్ళతో సరిచూసుకోగలగాలి, ఆ కంప్యూటర్లతో అది కుదరలేదు అని. అక్కడ కాగితాల లెక్కింపు ఎవరైనా వెళ్ళి నిలబడి చూడొచ్చు. నేను లేత్ మిషను మీద బతికినవాడిని. యంత్రాలంటే నాకు భయం లేదు. కానీ నా ఓటు నాకు అర్థమయ్యే పద్ధతిలో లెక్కపెట్టమని అడగడం నా హక్కు.

ప్రొద్దుటూరు అయ్యవారు

అమ్మా సుధా, నేను హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయినాను. సర్వీసంతా ఎన్నికల డ్యూటీ తప్పలేదు. మొదట పోలింగ్ ఆఫీసరు, తర్వాత ప్రిసైడింగ్ ఆఫీసరు. బ్యాలెట్ పెట్టె కాలమూ చూసినాను, మిషను కాలమూ చూసినాను.

రమణ గారూ, మీ హక్కు గురించి మీరన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. దాని దగ్గరికే వస్తాను. అయితే మా సీమలో కాగితం కాలం ఎట్లుండేదో మీకు తెలియాల. పొద్దున తొమ్మిది గంటలకల్లా పదిమంది లోపలికొస్తారు. బ్యాలెట్ పుస్తకం గుంజుకొని, వరుసగా ముద్రలు గుద్ది, పెట్టెలో కుక్కి, "సారు, సంతకం పెట్టండి" అంటారు. ఓడిపోతామనుకున్నచోట పెట్టెలో సిరా పోస్తారు. ప్రిసైడింగ్ ఆఫీసరు గోడకానుకొని చూడాల్సిందే. పెండ్లాం బిడ్డలుండే వాడు ఇంకేం చేస్తాడు? మిషను వచ్చినాక అది నిమిషానికి నాలుగు ఓట్లకు మించి తీసుకోదు. కంట్రోల్ యూనిట్ మా బల్ల మీద ఉంటుంది, బ్యాలెట్ బటన్ మేము నొక్కితేనే లోపల ఒక ఓటు పడుతుంది. గొడవ ముదిరితే క్లోజ్ నొక్కేస్తాము, ఇంక ఒక్క ఓటు కూడా పడదు. 2004లో దేశమంతా మిషన్లు వచ్చినప్పుడు ఈ ఒక్క కారణానికే నేను సంతోషపడినాను.

అట్లని మిషనుకు దండం పెట్టమని చెప్పను. దేవుడిని నమ్మినట్టు నమ్మాల్సిన వస్తువు కాదది.

మా పక్క ఊరు మైదుకూరు పేరు సుప్రీంకోర్టు తీర్పులోకి ఎక్కింది, తెలుసా? 2024 ఏప్రిల్ 26న జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ దీపాంకర్ దత్తా ఇచ్చిన తీర్పు. వీవీప్యాట్ స్లిప్పులన్నీ లెక్కపెట్టాలన్న కోరికను కొట్టేసినారు. అప్పటిదాకా దేశంలో 41,629 వీవీప్యాట్లు చీటీ తీసి లెక్కపెట్టినారు, 4 కోట్ల పైన స్లిప్పులు. ఎన్నికల సంఘం చెప్పిన లెక్క ప్రకారం తేడా వచ్చింది ఒక్కచోటే. 2019లో మైదుకూరు నియోజకవర్గం 63వ నంబరు పోలింగ్ కేంద్రం. కారణం చూస్తే, పొద్దున వేసిన మాక్ పోల్ ఓట్లు ప్రిసైడింగ్ ఆఫీసరు మిషన్లో నుంచి తీసెయ్యలేదు.

ఈ సంగతి ఇద్దరు ముగ్గురు నా ముందు రెండు రకాలుగా చెప్పినారు. "చూసినావా, ఒక్కటే తప్పు, అదీ మనిషిది" అని ఒకరు. "చూసినావా, తప్పు జరుగుతుంది" అని ఇంకొకరు. నేను అడిగేది వేరే. ఆ పొద్దు ఆ గదిలో ఏజెంట్లు లేరా? మాక్ పోల్ అయిపోయినాక క్లోజ్, రిజల్ట్, క్లియర్, ఈ వరుసలో నొక్కాల. తర్వాత టోటల్ నొక్కితే సున్నా రావాల. "సార్, సున్నా చూపించండి" అని ఒక్క ఏజెంటు నోరు తెరిచి అడిగినా అది దొరికిపోయేది. దానికి ఇంజనీరింగ్ చదవాల్సిన పని లేదు. రమణ గారు అడిగే మామూలు మనిషి చేయగలిగిన పనే అది.

సుధా, నీ ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. గెలిచేవాడి ఏజెంటు నమ్మితే దానికి విలువ లేదు. ఓడిపోయేవాడి ఏజెంటు సాయంత్రం బయటికి పోతా "మా బూత్‌లో సక్రమంగా జరిగింది" అని తన ఊరికి చెప్పగలగాల. అట్లా చెప్పాలంటే వాడు పొద్దున్నుంచి చూసి ఉండాల, చేతిలో కాగితం ఉండాల.

పొద్దున మాక్ పోల్‌లో కనీసం 50 ఓట్లు వేస్తారు. మీరే నొక్కండి. ఏ గుర్తుకు ఎన్ని నొక్కినారో మీ పుస్తకంలో రాసుకోండి. మిషన్ లెక్కా, వీవీప్యాట్ స్లిప్పుల లెక్కా, మీ పుస్తకం లెక్కా, మూడూ ఒకటే కావాల. ఆ స్లిప్పులకు ముద్ర వేసి నల్ల కవర్లో పెట్టి సీలు చేస్తారు, వీవీప్యాట్ డబ్బా ఖాళీగా ఉండేది మీకు చూపిస్తారు. ఆ తర్వాత ఆకుపచ్చ పేపర్ సీలు మీద మీ సంతకం తీసుకుంటారు. దాని నంబరు రాసుకోవాల. కంట్రోల్ యూనిట్ నంబరు, ఓటరు నొక్కే బ్యాలెట్ యూనిట్ నంబరు, వీవీప్యాట్ నంబరు కూడా. ఏ బూత్‌కు ఏ మిషనో రెండుసార్లు ర్యాండమైజేషన్ చేసి, అంటే చీటీ తీసినట్టు కలిపి, నిర్ణయిస్తారు, ఆ జాబితా మీ అభ్యర్థికి ముందే ఇచ్చి ఉంటారు. అది తెచ్చుకొని సరిచూసుకోండి. నా సర్వీసులో దాన్ని తెచ్చుకొని సరిచూసిన ఏజెంట్లు చానా తక్కువ.

సాయంత్రం సంగతి చెప్పాలంటే నాకు కడుపు మండుతుంది. పోలింగ్ అయిపోయి క్లోజ్ నొక్కినాక, 17సీ అనే ఫారం నింపుతాము. 17ఏ రిజిస్టర్లో ఎంతమంది సంతకాలు పెట్టినారు, ఓటు వెయ్యకుండా వెనక్కిపోయినవాళ్ళెవరు, మిషన్లో మొత్తం ఎన్ని ఓట్లు, సీళ్ళ నంబర్లేమి, అన్నీ దాంట్లోనే. దాని నకలు ఏజెంట్లకు ఇవ్వాలని ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49ఎస్ నిబంధన చెప్తుంది. మేము నకళ్ళు రాసి పెట్టుకొని చూస్తే గదిలో ఎవరుంటారు? ఒకరు, ఇద్దరు. మిగిలినోళ్ళు నాలుగు గంటలకే "మనదే సార్, అయిపాయె" అని వెళ్ళిపోయి ఉంటారు. వారం తర్వాత వాళ్ళే టీవీలో "పోలైన ఓట్లు ఎన్నో చెప్పలేదు" అంటారు. చెప్పినాము నాయనా, కాగితం మీద రాసి చేతికియ్యబోతే తీసుకునేవాడు లేడు.

2024 మే 13న మన రాష్ట్రంలో ఏమయింది? సాయంత్రం చెప్పిన శాతానికీ చివరి శాతానికీ చానా తేడా వచ్చింది. చివరికి ఈవీఎంలో 80.66, పోస్టల్‌తో కలిపి 81.86 అని ప్రకటించినారు. ఆ ఓట్లు యాడ నుంచి వచ్చినాయని ఈనాటికీ అడుగుతున్నారు. గేటు మూసే సమయానికి వరుసలో ఉన్నవాళ్ళందరికీ, వెనక నిలబడిన మనిషి నుంచి మొదలుపెట్టి స్లిప్పులిస్తాము, వాళ్ళంతా ఓటేసేదాకా పోలింగ్ సాగుతుంది. ఆ రోజు కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటింది. ఆ వరుసలు జనం చూసినారు, నేనూ చూసినాను. అందుకని ఆ పెరుగుదల నాకు వింతగా అనిపించలేదు. కానీ నాకు అనిపించకపోతే సరిపోతుందా? ప్రతి బూత్ 17సీ అదే రాత్రి జనం ముందు పెట్టి ఉంటే ఈ ప్రశ్న పుట్టేదే కాదు. సుప్రీంకోర్టులో దానికోసం అడిగితే, పెట్టలేమని ఎన్నికల సంఘం వాదించింది. మే 24న కోర్టు ఆదేశం ఇవ్వలేమన్నది. ఆ మర్నాడే సంఘం తనంతట తాను ఐదు దశల ఓట్ల సంఖ్యలు విడుదల చేసింది. లెక్క చేతిలో ఉంది గదా, మరి అంతమందిని అంతకాలం ఎందుకు అనుమానంలో పెట్టినట్టు?

2024 డిసెంబరులో ఆ నియమాల్లోనే 93వ నిబంధన మార్చి, పోలింగ్ కేంద్రాల సీసీ కెమెరా దృశ్యాలు మామూలు జనం అడగడానికి లేకుండా చేసినారు. 2025 మే నెలాఖరులో, ఎవరూ కేసు వెయ్యకపోతే 45 రోజులకు ఆ వీడియోలు తీసెయ్యొచ్చని ఉత్తర్వు ఇచ్చినారు. ఎన్నిక మీద కేసు వేసుకునే గడువూ 45 రోజులే, కాబట్టి వాళ్ళ తర్కం నాకు అర్థమవుతుంది. అయినా బాధగా ఉంది. ఇన్నేళ్ళు బడి బల్లల మీద పడుకొని, నీళ్ళు లేని ఊర్లలో స్నానం లేకుండా, ఒక్క ఓటు తేడా రాకుండా లెక్క అప్పజెప్పిన లక్షలమంది ఉద్యోగుల కష్టం అది. దాచుకోవాల్సింది ఏముంది దాంట్లో? మమ్మల్ని చూపించండి. మేము చేసిన పని జనం చూడనీయండి.

ఒంగోలు విషయంలోనూ అంతే. ఆ 2024 తీర్పులోనే, రెండు మూడు స్థానాల్లో నిలిచినవాళ్ళు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో అడిగితే, అసెంబ్లీ సెగ్మెంటుకు 5 శాతం మిషన్ల మైక్రోకంట్రోలర్లు, అంటే లోపలి చిప్పులు, పరిశీలించాలని ఉంది. ఉన్న డేటా పక్కన పెట్టి కొత్తగా ఓట్లు వేసి చూపిస్తే అది పరిశీలన ఎట్లవుతుంది? 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే డేటా చెరిపెయ్యొద్దు, మళ్ళీ ఎక్కించొద్దు అని చెప్పాల్సి వచ్చింది. ఇది యంత్రం చేసిన చెడుపు కాదు, ఆఫీసు చేసింది. నా లెక్కలో ఈ దేశంలో ఈవీఎం మీద నమ్మకాన్ని దెబ్బ తీసింది హ్యాకర్లు కారు, అడిగినప్పుడు చూపించడానికి ఇష్టపడని కార్యాలయాలు.

మీ నాన్నకూ మామయ్యకూ ఒక్క సంగతి చెప్పు. 2019 ఏప్రిల్ దాకా నియోజకవర్గానికి ఒక్క వీవీప్యాట్ లెక్కపెట్టేవాళ్ళు. 21 పార్టీలు సగం లెక్కపెట్టమని సుప్రీంకోర్టుకు పోతే ఏప్రిల్ 8న ఐదు చేసినారు. ఆ కేసు పేరే చంద్రబాబు నాయుడు వర్సెస్ భారత ప్రభుత్వం. ఆ ఐదే 2024లో మీ మామయ్య పార్టీకి కూడా రక్షణ. అసలు వీవీప్యాట్ పెట్టించిన 2013 తీర్పు సుబ్రహ్మణ్యస్వామి వేసిన కేసుది. 2010లో ఈవీఎంలను తప్పుబడుతూ పుస్తకం రాసింది బీజేపీ జీవీఎల్ నరసింహారావు. 2024 జూన్‌లో కాగితం బ్యాలెట్ కావాలన్నది జగన్. ఓడినవాళ్ళు అడిగిన ప్రతిసారీ గెలిచినవాళ్ళు వెక్కిరించినారు. ఓడినవాళ్ళు అడగబట్టే మనకు స్లిప్పు వచ్చింది, ఐదు వచ్చింది. ఆ అడగడాన్ని ఎవరూ తక్కువ చెయ్యగూడదు.

ఆర్మూర్ పసుపు

అయ్యవారు చెప్పింది మంచిగున్నది. మాది నిజామాబాద్ జిల్లా. 2019ల పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది పోటీకి నిలబడ్డరు, అండ్ల మా నాయిన ఒకలు. మొత్తం 185 మంది పోటీల ఉన్నరు. గంతమంది ఉంటే కాగితం బ్యాలెటే పెడుతరనుకున్నం. పాత మిషన్లకు నాలుగే బ్యాలెట్ యూనిట్లు తగులుతయి, 64 పేర్లే పడుతయి గదా. 2010 ఉప ఎన్నికలప్పుడు తెలంగాణల గిట్లనే నామినేషన్లు ఎక్కువేసి కొన్ని సీట్లల్ల కాగితం తెప్పిచ్చిన్రు కూడ. కానీ ఈసారి కొత్త ఎం3 మిషన్లు తెచ్చి, ఒక్కో బూత్‌ల పన్నెండు యూనిట్లు పెట్టిన్రు. మాక్ పోల్‌కే శానా టైం పడుతదని మా దగ్గర పోలింగ్ పొద్దుగాల 8కి షురూ చేసిన్రు.

మిషన్ పని చేసింది. అండ్ల అబద్ధం లేదు. కానీ మా నాయనమ్మ లోపలికి పోయి, పన్నెండు డబ్బాల ముంగట కొడుకు పేరు ఏడున్నదో ఎతుక్కోలేక, ఏదో ఒకటి నొక్కి బయటికొచ్చింది. "నా కొడుక్కి పడ్డదో లేదో" అని శానా దినాలు అడిగింది. అందుకే చెప్తున్న, లెక్క కరెక్టుగా ఉంటే సాలదు. ముసలోళ్ళకు, సదువురానోళ్ళకు అర్థమయ్యెటట్టు ఉండాలె. బూత్ల కూసుంటే గసుంటోళ్ళను ఎవడన్న "నేను సూపిస్త అవ్వా" అని ఎంట పోయి తనే నొక్కుతున్నడా, అది సుత చూడు సుధక్కా. ఊర్లల్ల జరిగే మోసం మిషన్ల కంటే ఆడనే ఎక్కువ.

కుషాయిగూడ కిరణ్

నేనుండేది ఈసీఐఎల్ చౌరస్తాకు దగ్గర. ఈవీఎంలు తయారయ్యే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి మా పేటలోనే ఉంది, రెండోది బెంగళూరు భెల్ అనుకుంటారు చాలామంది, కాదు, బీఈఎల్. నాకు ఆ సంస్థతో సంబంధం లేదు. వేరే ప్రైవేటు కంపెనీలో చిప్‌ల మీద పని చేస్తాను.

రమణ గారు చెప్పిన 2010 ప్రయోగం నిజం. అయితే అప్పుడు వీవీప్యాట్ లేదు, ఆ దాడులకు యంత్రం చేతికి చిక్కాలి. ఇంటర్నెట్, బ్లూటూత్ లాంటివి వీటికి లేవు కాబట్టి ఎక్కడో కూర్చుని లక్ష యంత్రాలు మార్చడం అనేది ఊహ. నన్ను ఆలోచింపజేసే చోటు వేరు. అభ్యర్థులు ఖరారయ్యాక పేర్లు, గుర్తులు వీవీప్యాట్‌లోకి ఎక్కిస్తారు. పోటీలో ఎవరున్నారో తెలిశాక బయటి పరికరం తగిలేది అప్పుడే. 2024 తీర్పులో ఆ సింబల్ లోడింగ్ యూనిట్లను కూడా సీలు చేసి, ఫలితాల తర్వాత 45 రోజులు దాచమన్నారు. మంచి పని. సుధ గారూ, వీలైతే మీ అభ్యర్థి తరఫున ఆ రోజు కూడా ఎవరైనా ఉండేలా చూడండి. పోలింగ్ రోజు ఉన్న శ్రద్ధ ఆ రోజు ఎవరికీ ఉండదు.

ఐదు బూత్‌ల సంగతి లెక్కవేసి చూశాను. నియోజకవర్గంలో 250 బూత్‌లు అనుకుందాం. వాటిలో 50 చోట్ల తేడా ఉంటే, చీటీ తీసిన ఐదింటిలో కనీసం ఒకటి దొరికే అవకాశం మూడింట రెండు వంతులు. ఏడు సెగ్మెంట్లు కలిసిన పార్లమెంటు సీటంతటా అలా జరిగితే దొరక్కుండా పోవడం దాదాపు అసాధ్యం. అదే ఒక్క అసెంబ్లీలో ఐదు బూత్‌ల్లోనే తేడా ఉంటే? దొరికే అవకాశం పదో వంతే. వెయ్యి ఓట్ల లోపు ఆధిక్యంతో తేలే సీటుకు ఐదు బూత్‌లు చాలు కదా. అందుకే అన్నిచోట్లా ఐదు అనే నియమం సరైంది కాదని నా అభిప్రాయం. యాభై వేల ఆధిక్యం ఉన్నచోట ఐదు చాలు, ఐదొందల ఆధిక్యం ఉన్నచోట అన్నీ లెక్కపెట్టాలి. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2017 నుంచి ఆధిక్యాన్ని బట్టే కాగితాల తనిఖీ చేస్తోంది. మన దగ్గర స్లిప్పులు ఎలాగూ ఉన్నాయి. ఒక పూట ఎక్కువ పడుతుంది, పడనీయండి.

ఇక కాగితమే మందు అనుకోకండి. 2020 డిసెంబరులో మా జీహెచ్‌ఎంసీ ఎన్నికలు కాగితం మీదే జరిగాయి. పాత మలక్‌పేటలో సీపీఐ గుర్తు బదులు సీపీఎం గుర్తు అచ్చయి, పోలింగ్ ఆపేసి రెండు రోజులకు మళ్ళీ పెట్టారు. మా పక్కనున్న నేరేడ్‌మెట్‌లో స్వస్తిక్ కాకుండా వేరే ముద్ర పడిన ఓట్లు ఆధిక్యం కంటే ఎక్కువ తేలి, ఫలితం కోర్టు చెప్పేదాకా ఆగిపోయింది. 2018 అసెంబ్లీ ఎన్నికల్లో అయితే ఓటు వెయ్యడానికి వెళ్ళిన ఎంతోమందికి జాబితాలో పేరే లేదు, ప్రధాన ఎన్నికల అధికారి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. పేరు లేనివాడికి యంత్రమైనా కాగితమైనా ఒకటే.

బాలానగర్ రమణ

కిరణ్ గారూ, ఆధిక్యాన్ని బట్టి లెక్కపెట్టడం అనేది నేను ఎప్పుడూ వినలేదు. అదొస్తే నా పట్టుదల సగం వదులుకుంటాను. అయ్యవారూ, సిరా పోసే సంగతి మా నాన్న కూడా చెప్పేవారు, మీరు గోడకానుకుని నిలబడ్డారన్నది చదివి మనసు కష్టమైంది. అయితే ఒక్క మాట. మీరు అడగమంటున్నారు, ఏజెంటు అడిగితే ప్రిసైడింగ్ ఆఫీసర్లంతా మీలా చూపిస్తారా?

ఒంగోలు సుధ

అందరికీ చాలా థ్యాంక్స్. మాస్టారూ, మీ జవాబు నాన్నకీ మామయ్యకీ ఇద్దరికీ చదివి వినిపించాను. చంద్రబాబు గారి కేసు దగ్గర మామయ్య, 17సీ దగ్గర నాన్న ఆగిపోయారు. నాన్న కూడా ఒకప్పుడు ఏజెంటుగా కూర్చున్నాడు, 17సీ తీసుకున్నట్టు గుర్తు లేదంటున్నాడు.

నేను కూర్చోవాలని నిర్ణయించుకున్నాను. రమణ గారు అడిగిందే నా భయం కూడా. గదిలో అందరూ మగవాళ్ళు, పెద్దవాళ్ళు. నేను సున్నా చూపించమంటే విసుక్కుంటే? ఇంకా, ఓటరు "నేను నొక్కింది ఒకటి, స్లిప్పులో వచ్చింది ఇంకొకటి" అంటే ఏం చెయ్యాలి? ఏజెంటు కావాలంటే కాగితాలేం కావాలి?

ప్రొద్దుటూరు అయ్యవారు

రమణ గారూ, సుధా, విసుక్కునేవాళ్ళు ఉంటారు. తెల్లవారుజామున లేచి, యాభై కవర్లు, ఇన్ని ఫారాలు ముందేసుకొని ఉంటాడు ఆ మనిషి. కానీ ఏజెంటు ముందు సున్నా చూపించడం ఆయన విధి, ఆయన దయ కాదు. మర్యాదగా అడుగు, గట్టిగా అడుగు. చూపించకపోతే సంతకం పెట్టవద్దు. కొన్ని బూత్‌లు కలిపి చూసుకునే సెక్టార్ ఆఫీసరు వచ్చినప్పుడు చెప్పు, అభ్యర్థి ద్వారా రిటర్నింగ్ ఆఫీసరుకు రాతపూర్వకంగా పంపించు. నా బూత్‌లో ఒకసారి ఒక పెద్దామె, ఆశా కార్యకర్త అత్తగారు, ఏజెంటుగా కూర్చుంది. ప్రతి సీలు నంబరు రెండుసార్లు చదివించుకుంది. ఆ రోజు నేను అందరికంటే జాగ్రత్తగా పని చేసినాను.

స్లిప్పు తప్పు వచ్చిందని ఓటరు అంటే 49ఎంఏ అని ఒక నిబంధన ఉంది. ఓటరు రాతపూర్వకంగా ప్రకటన ఇవ్వాల, అబద్ధమైతే శిక్ష ఉంటుందని ప్రిసైడింగ్ ఆఫీసరు ముందే చెప్తారు. అప్పుడు మీ ఏజెంట్ల ముందే ఒక టెస్ట్ ఓటు వేయిస్తారు. నిజంగా తప్పు వస్తే పోలింగ్ అక్కడికక్కడ ఆగిపోతుంది. ఆ శిక్ష భయంతోనే చానామంది నోరు మూసుకొని పోతారు, ఈ నిబంధన మారాలని నా కోరిక. ఇంకొకరు నీ పేరుతో ముందే ఓటేసి పోయినారని ఎవరైనా వస్తే వెనక్కి పంపకూడదు, టెండర్ ఓటు అని కాగితం బ్యాలెట్ ఇస్తారు. అది ఇప్పించు.

కాగితాలంటావా, ఫారం 10. అభ్యర్థి గానీ, ఆయన ఎన్నికల ఏజెంటు గానీ సంతకం పెట్టాల. నువ్వు ఆ నియోజకవర్గం ఓటరువై ఉండాల, మీ సొంత బూత్ అయితే ఇంకా మేలు, మనుషులను గుర్తు పడతావు. ప్రభుత్వ ఉద్యోగం ఉంటే కూర్చోకూడదు. ఫోను లోపలికి రానియ్యరు, కాబట్టి చిన్న పుస్తకం, రెండు పెన్నులు పెట్టుకో. అది పంచాయతీ ఎన్నిక అయితే నిర్వహించేది రాష్ట్ర ఎన్నికల సంఘం, 2021 దాకా కాగితం బ్యాలెట్‌తోనే జరిగినాయి, వాటి పద్ధతి వేరు. అప్పుడు ఇక్కడే అడుగు, చెప్తాను.

పోలింగ్ 7కి అంటే మాక్ పోల్ ఐదున్నరకు. ఏజెంట్లు రాకపోతే పావుగంట చూసి మొదలుపెట్టేస్తారు, కాబట్టి ఐదుంబావుకే బూత్ దగ్గరుండు. సాయంత్రం 17సీ చేతికొచ్చినాక నంబర్లు నీ పుస్తకంతో కలిసినాయా, కింద ప్రిసైడింగ్ ఆఫీసరు సంతకం పడిందా చూసుకొనే గది దాటు. దాన్ని లెక్కింపు రోజు ఫారం 18 మీద లోపల కూర్చునే మీ కౌంటింగ్ ఏజెంటుకు ఇయ్యి. బల్ల మీద మీ బూత్ మిషను తెరిచినప్పుడు మొత్తం ఓట్లు చదువుతారు, అప్పుడు ఆ కాగితం ఆయన చేతిలో ఉండాల.